ఆమె ఎదురుగా లేనప్పుడు ఏమంటాం

మీరు అడిగింది ఇది. ఒంగోలు ట్రంకు రోడ్డులో మీరు మేనేజరుగా ఉన్న బట్టల షాపులో వచ్చే సోమవారం నుంచి బిల్లింగ్ కౌంటర్లో ఒక ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగపిల్లాడని రాసినా ఆడమనిషిగా బతుకుతున్నవారు) చేరుతున్నారు. ఇంటర్వ్యూకి వచ్చి వెళ్ళిన రోజే సేల్స్ వాళ్ళలో కొందరు ‘వాడు’ అన్నారు, కొందరు ‘అది’ అన్నారు. మీ ఓనరు గారేమో ‘ఇదంతా ఇంగ్లీషు వాళ్ళ గోల, మనకెందుకు’ అన్నారు. ఇంకో పక్క, మీ షాపు లెక్కలు చూసే చెన్నై ఆఫీసులో ఒకరు మెయిల్ కింద పేరు పక్కన ‘దే/దెమ్’ అని పెట్టుకుంటున్నారు, అంటే ఇంగ్లీషులో తమని ‘హీ’ అనో ‘షీ’ అనో కాకుండా ‘దే’ అనమని. వాళ్ళ గురించి తెలుగులో మాట్లాడాల్సి వస్తే నోరు తిరగడం లేదన్నారు.

నేను నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో 19 ఏళ్ళుగా పర్సనల్ సెక్షన్ చూస్తున్నాను. మా దగ్గర ఇన్నేళ్ళలో ముగ్గురు ట్రాన్స్ మహిళలు, అకౌంట్స్‌లో ఒక ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్లని రాసినా మగమనిషిగా బతికేవాళ్ళు) పనిచేశారు. వాళ్ళ విషయంలో నేను సరిగ్గా చేసినవీ ఉన్నాయి, తప్పు చేసినవీ ఉన్నాయి. రెండూ చెప్తాను.

ముందు మీ ఓనరు గారి మాట. ఇంగ్లీషులో ఎదుటి మనిషికి ఉన్నది ఒక్కటే మాట, ‘యూ’. మనకి నువ్వు, మీరు, తమరు. ఎదురుగా లేని మనిషికి వాడు, అతను, ఆయన, వారు, అది, ఆమె, ఆవిడ. ఇన్ని మెట్లు కట్టుకున్నది మనమే. ‘నన్ను ఏకవచనంతో మాట్లాడాడు’ అనేది మన ఊళ్ళలో ఎంత పెద్ద ఫిర్యాదో మీకు తెలుసు. ఒక్క ‘నువ్వు’ దగ్గర వియ్యాలవారి మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

మా నాన్న ఒక ఆఫీసులో అటెండరు. ఆయనకి 50 దాటినా పాతికేళ్ళ గుమాస్తాలు కూడా ‘ఏరా, నీళ్ళు తే’ అనేవాళ్ళు. కులం ఒకటి, ఉద్యోగం ఒకటి, రెండూ కలిసి ఆయన్ని ఏకవచనంలోనే ఉంచేశాయి. ఒకసారి కొత్తగా వచ్చిన ఆఫీసరు ‘మీరు కూర్చోండి, ఆ ఫైలు నేను తెచ్చుకుంటాను’ అన్నారట. ఆ రాత్రి అన్నం తింటూ నాన్న ఆ మాట అమ్మకి చెప్పాడు. చారు పోసుకుంటూ మళ్ళీ చెప్పాడు. మజ్జిగ దగ్గర మూడోసారి మొదలుపెడితే అమ్మ ‘విన్నాను లెండి’ అంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. మనిషిని ఏ మాటతో పిలుస్తామన్నది ఎంత లోపలికి పోతుందో నేను నేర్చుకున్నది అక్కడే. మీ ఓనరు గారికి ట్రాన్స్‌జెండర్ హక్కుల గురించి ఉపన్యాసం చెప్పకండి. ఆయన్ని ఎవరైనా నలుగురిలో ‘ఏరా’ అంటే ఎలా ఉంటుందో అడగండి. ఆ అమ్మాయికి ‘వాడు’ అన్న మాట అలాగే తగులుతుందని చెప్పండి. ఆయనకి అర్థమవుతుంది.

ఇక భాష సంగతి. తెలుగులో ఒక మంచి వసతి ఉంది, చాలామంది గమనించరు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు ఆడా మగా అన్నది క్రియలో ఎక్కడా కనపడదు. ‘భోంచేశావా’, ‘బిల్లు కొట్టారా’, ‘రేపు వస్తున్నారా’. ఆ మనిషి తన గురించి చెప్పుకునేటప్పుడూ అంతే, ‘వచ్చాను’, ‘వెళ్తాను’. మా ప్లాంటులో బీహారు నుంచి వచ్చిన పిల్లకాయలకి ఈ సుఖం లేదు. హిందీలో ‘నేను వెళ్తున్నాను’ అనడానికే ఆడవాళ్ళకి ఒక రూపం, మగవాళ్ళకి ఒక రూపం. మనకి తేడా వచ్చేది మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు, ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న దగ్గర. అంటే సార్, మేడమ్, రా, ఏమే లాంటి పిలుపుల్లో జాగ్రత్తపడితే చాలు, ఆమె ఎదురుగా ఉన్నంతసేపూ మీ స్టాఫ్ పెద్దగా తప్పు మాట్లాడలేరు. ఆమె టీకి వెళ్ళాక ‘క్యాష్ తాళం ఎవరి దగ్గరుంది?’ అని మీరు అడుగుతారు చూడండి, అప్పుడు తేలుతుంది. ‘వాడి దగ్గరుంది సార్’ అంటారా, ‘ఆమె దగ్గరుంది’ అంటారా. మేనేజరుగా మీరు చెవి పెట్టాల్సింది అక్కడ.

మా సూపర్‌వైజర్లకి నేను గట్టిగా చెప్పింది కూడా ఇదే. ఆమె వినని చోట మాట సరిచేసుకోండి, వినే చోట దానంతటదే సర్దుకుంటుంది. వెనక ‘వాడు’ అని, ముందు ‘మేడమ్’ అనేవాళ్ళకి పని ఒత్తిడిలో ముందు కూడా నోరు జారుతుంది.

ఎవరో తెలియనప్పుడు, ఏమనాలో అడిగే వీలు లేనప్పుడు మనకి ‘రు’ ఉంది. మన పాత వ్యాకరణంలో మగవాళ్ళు మహత్తు, తక్కినవన్నీ అమహత్తు. ఆడమనిషి ఒక్కరే ఉంటే క్రియ పశువులతో, వస్తువులతో కలిపి ‘వచ్చింది’ అవుతుంది. పదిమంది ఆడవాళ్ళుంటే మాత్రం మగవాళ్ళతో సమానంగా ‘వచ్చారు’ అవుతుంది. ఆ బహువచనాన్నే మర్యాదకి కూడా వాడుకుంటున్నాం కాబట్టి ‘వచ్చారు’, ‘చెప్పారు’, ‘ఎవరు’, ‘గారు’ ఎవరికైనా సరిపోతాయి. ఫోన్లో గొంతు విని సార్ అనాలా మేడమ్ అనాలా అని తడబడే బదులు ‘చెప్పండి’ అంటే చాలు. మన జిల్లాల్లో గోదావరి వాళ్ళలాగా ప్రతి మాటకీ అండీ తగిలించం, నోటికి ముందు అన్నా, అక్కా, సార్ వస్తాయి. బిల్లింగ్‌లో కూర్చునేవాళ్ళకి ‘అండీ’ అలవాటు చేయించండి. కస్టమర్లతో కూడా పనికొస్తుంది.

‘తను’ అంటే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. సరిపోదు. ‘తను’ అన్నాక క్రియ రావాలి, ‘తను వచ్చాడు’ అనో ‘తను వచ్చింది’ అనో తేల్చాల్సిందే. ‘తను వచ్చారు’ అంటేనే తప్పించుకుంటాం.

అయితే ఈ ‘గారు’, ‘రు’ల వెనక దాక్కోవడం కూడా మర్యాద కాదు. ఇది నాకు మా దగ్గర చేరిన మొదటి ట్రాన్స్ మహిళే చెప్పింది. నేను తెలివిగా ఉన్నాననుకుని ఆమెని పేరు పెట్టి గారు, గారు అనేదాన్ని. ఒకరోజు జీతం చీటీ తీసుకుంటూ, ‘మేడమ్, లైన్లో అందర్నీ అక్కా, అమ్మాయ్ అంటారు. నన్నొక్కదాన్నే గారు అంటారు. నేనేమన్నా కలెక్టర్నా?’ అంది. ఆమెకి కావాల్సింది ఎక్కువ గౌరవం కాదు, పక్క మనిషితో సమానమైన పిలుపు. ‘రు’ తెలియనప్పటి మాట. తను ఏమని పిలిపించుకోవాలనుకుంటుందో ఆమె చెప్పేసిన తర్వాత ఆ మాటే అనాలి. నెల్లూరు మనిషి ఒక ఆడమనిషిని నిజంగా తనలో కలుపుకున్నాడంటే అక్కా అంటాడు, అమ్మా అంటాడు, మరీ చనువైతే పేరు పెట్టి పిలుస్తాడు.

ఇక ‘అది’ గురించి. ఇక్కడ కాస్త ఆగాలి.

మా పీలింగ్ హాల్లో అందరూ ఒకేలా కనపడతారు. తెల్ల కోటు, గమ్ బూట్లు, జుట్టంతా మూసే క్యాప్, మాస్కు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు కాబట్టి మనిషిని గుర్తుపట్టేది గొంతుతోనే. ఇందాక చెప్పిన ఆ మొదటి ట్రాన్స్ మహిళ చేరిన మూడో రోజు ట్రేలో ఐసు కరిగిపోయి ‘ఇక్కడ ఐసు కావాలా’ అని కేకేసింది. బరువైన గొంతు. ఐసు బండి తోసే కుర్రాడు ‘ఎవడ్రా ఆడోళ్ళ లైన్లో’ అన్నాడు. హాలంతా నవ్వింది. ఆమె తల దించుకుని రొయ్యలు ఒలుస్తూనే ఉంది. ఆ తర్వాత నెల రోజులు ఆమె ఐసు కోసం నోరు తెరవలేదు. ట్రే పట్టుకుని తనే హాలు చివరిదాకా నడిచి తెచ్చుకునేది. రోజుకి ఎన్ని కిలోలు ఒలిచారన్నదే అక్కడ లెక్క. ఆమె కిలోలు తగ్గాయి. సూపర్‌వైజరు రిజిస్టర్లో ‘పని నెమ్మది’ అని రాశాడు. ఆ రెండు మాటలు చూసి నేను హాల్లోకి వెళ్ళి నిలబడితేగానీ అసలు కారణం తెలియలేదు. ఒక మాట వల్ల పనికి ఏమవుతుందని ఎవరైనా అడిగితే నేను ఆ రిజిస్టరు గురించే చెప్తాను.

ఆ కుర్రాణ్ణి పిలిచి మాట్లాడాను. వాడికి చెడ్డ మనసేం లేదు, గొంతు విని అనేశాడు. వెళ్ళి ‘అక్కా, ఐసు ఎక్కడ కావాలో చెయ్యెత్తు, నేనే వస్తా’ అని ఆమెకి చెప్పాడు. దాంతో అయిపోయింది.

అదే లైన్లో 60కి దగ్గర పడుతున్న ఒక పెద్దావిడ ఉండేది, సముద్రం పక్క పాలెం నుంచి వచ్చేది. ఒకరోజు నేను అక్కడ ఉండగానే, ‘అది పొద్దున్నుంచీ ఏమీ తినలా, దానికి ముందు టీ పొయ్యండి’ అంది ఆ అమ్మాయిని చూపించి. నేను ఉలిక్కిపడ్డాను. పక్కకి పిలిచి ‘అది అనకూడదు’ అని చెప్పబోతుంటే ఆ అమ్మాయే నన్ను ఆపింది. ‘మేడమ్, ఆమె సొంత కూతుర్ని కూడా అట్టానే అంటది. నన్ను అట్టా అనేది ఈమె ఒక్కతే. ఆ మాట తియ్యొద్దు’ అంది.

తెలుగులో ‘అది’ రెండు రకాలు. తల్లి కూతురి గురించి, అక్క చెల్లి గురించి ‘అది ఇంకా రాలేదు’ అంటే అందులో చనువు ఉంటుంది. బస్టాండులో ఒకడు ఒక ట్రాన్స్ మహిళని చూపించి ‘అదిగో అది వస్తోంది’ అంటే అందులో మనిషే ఉండదు. మాట ఒకటే, క్రియ ఒకటే. తేడా తెలిసేది ఎవరికి తగిలిందో వాళ్ళకే. అందుకని మీ షాపుకి నా సలహా ఇది. ‘అది’ అన్న మాట స్టాఫ్‌లో ఏ ఆడమనిషికీ వాడొద్దని అందరికీ ఒకటే రూలు పెట్టండి, ఆమె ఒక్కరి కోసం అన్నట్టు చెప్పకండి. రేపు ఇద్దరు మనుషులు దగ్గరై ఒకరినొకరు ఎలా పిలుచుకున్నా అది వాళ్ళ సొంత విషయం, మనం వేలు పెట్టకూడదు.

ఆమెని ఏమని పిలవాలో ఎలా అడగాలన్నారు. ‘మీ సర్వనామాలేమిటి’ అని దయచేసి అడగొద్దు, ఆ మాట తెలుగు పరీక్షలో తప్ప ఎవరూ వినలేదు. ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ ఇది మన ఇళ్ళలో కొత్త కోడల్ని కూడా అడిగే మాట. ముందు మీ గురించి చెప్పండి, ‘ఇక్కడ నన్ను అందరూ అన్నా అంటారు’ అని, తర్వాత అడగండి. నలుగురిలో అడగొద్దు. అడగకూడనివి కూడా ఉన్నాయి. ఆపరేషన్ అయిందా, అసలు పేరేంటి, ఇంట్లో ఒప్పుకున్నారా. ఇవి బిల్లు కొట్టడానికి అవసరం లేదు. ‘అసలు పేరు’ అన్న మాటలోనే ఇప్పటి పేరు నకిలీ అన్న అర్థం ఉంది. కాగితాల కోసం తప్పదంటే ‘ఆధార్‌లో ఉన్న పేరు’ అనండి.

చెన్నై ఆఫీసు మనిషి సంగతి. ఇంగ్లీషు ‘దే’ని తెలుగులో ‘వాళ్ళు’ అంటే ఒక గుంపు గురించి చెప్తున్నట్టు ఉంటుంది, నిజమే. ‘వారు’ అనండి, లేదా పేరు చెప్పి ‘రు’తో ముగించండి. ఇంకా తేలిక దారి ఏంటంటే, తెలుగులో ప్రతి వాక్యానికీ సర్వనామం అక్కర్లేదు. ‘మెయిల్ పెట్టారు. స్టాక్ లిస్టు రేపు పంపిస్తారట. జీఎస్టీ గురించి ఒక డౌటు అడిగారు.’ ఎవరి గురించో అందరికీ తెలుసు, ఆడా మగా అన్న ప్రసక్తే రాలేదు.

‘పాతికేళ్ళ పిల్లకాయని వారు అనాలా?’ అని మీ సీనియర్లు అంటారు. మా దగ్గరా అన్నారు. వాళ్ళని ఒకటి అడగండి. ఇంటికొచ్చిన పాతికేళ్ళ అల్లుణ్ణి ఏమంటారు? మామగారికి 60 ఉన్నా ‘మీరు, అల్లుడు గారు’ అనే కదా. కావాలనుకుంటే మన నోటికి వయసు అడ్డం రాదు.

పొరపాట్లు జరుగుతాయి. ముందే టెన్షన్ పడకండి. నేను ఒకసారి క్యాంటీన్‌లో ఆమె గురించే మాట్లాడుతూ ‘అతను నిన్న లీవులో ఉన్నాడుగా’ అనేశాను, ఆమె నా వెనకే ప్లేటు పట్టుకుని ఉంది. నాకు చెమటలు పట్టాయి. అందరి ముందూ చేతులు పట్టుకుని, సారీ అమ్మా, నాకు ఎంత బాధగా ఉందో తెలుసా అంటూ చాలాసేపు మాట్లాడాను. చివరికి ఆమే నా భుజం తట్టి ‘వదిలెయ్యండి మేడమ్, అందరూ చూస్తున్నారు’ అంది. తప్పు చేసిన నన్ను ఆమె ఓదార్చాల్సి వచ్చింది. దానికంటే ‘అతను కాదు, ఆమె, ఆమె నిన్న లీవులో ఉంది’ అని సరిచేసుకుని ముందుకు వెళ్ళిపోతే సరిపోయేది. వేరే ఎవరైనా తప్పుగా అన్నా అంతే, మీరు పక్కనుంచి సరైన మాట అందించి సంభాషణ నడవనివ్వండి. కావాలని పదే పదే అనేవాణ్ణి మాత్రం గదిలోకి పిలిచి మాట్లాడండి.

కాగితాల విషయం త్వరగా చెప్తాను. ఆధార్‌లో ఆడ, మగతో పాటు ట్రాన్స్‌జెండర్ అన్న ఆప్షన్ ఉంది, పాన్ దరఖాస్తులో 2018 నుంచి ఉంది. కార్డుల్లో పేరు మారేదాకా పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు పనులకి పాత పేరు తప్పదు. కానీ పేరు ట్యాగ్, అటెండెన్స్ బోర్డు, వాట్సాప్ గ్రూపు, బిల్లు మీద వచ్చే క్యాషియర్ పేరు మీ చేతిలోవే. వాటికి ఏ కార్డూ అక్కర్లేదు. పాత పేరున్న ఫైలు మీ దగ్గర, అకౌంట్స్ దగ్గర తప్ప ఇంకెవరికీ కనపడకూడదు. మా దగ్గర పాత పేరు బయటపడింది గేటు దగ్గర సెక్యూరిటీ చదివే లిస్టులోనే. ఆధార్ నుంచి ప్రింటు తీసి అంటించేశారు.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. మా అకౌంట్స్‌లో పనిచేసిన అతని ఇల్లు ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఆఫీసులో అతను అతనే. ఇంట్లో మాత్రం ఇంకా పాత పేరే, వాళ్ళకి ఏమీ తెలియదు. ఒకరోజు వాళ్ళమ్మ ఆఫీసు నంబరుకి ఫోన్ చేసి పాత పేరుతో అడిగింది. రిసెప్షన్‌లో అమ్మాయి ‘ఆ పేరుతో ఎవరూ లేరండీ’ అని పెట్టేసింది. ఆ తల్లి కంగారు పడి రాత్రి బస్సెక్కి పొద్దున్నే గేటు ముందుంది. అప్పటినుంచి చేరిన రోజే అడుగుతున్నాను, ‘ఇంటినుంచి ఫోన్ వస్తే ఏ పేరు చెప్పమంటారు, ఎలా మాట్లాడమంటారు?’ అని. బయట గౌరవంగా ఒక మాట అంటే ఇంట్లో ప్రమాదం అయ్యే మనుషులు ఉన్నారు. వాళ్ళు చెప్పిన చోట చెప్పిన మాట వాడటమే.

చట్టం గురించి మీ ఓనరు గారు అడిగితే ఇవి చెప్పండి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి మూడో జెండర్‌గా గుర్తింపునిస్తూ తీర్పు ఇచ్చింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో వివక్ష కూడదని, ప్రతి సంస్థా ఫిర్యాదులు చూసే ఒక అధికారిని పెట్టాలని అందులో రాశారు. మాటలతో, మనసుకి చేసే హింసని కూడా నేరాల్లో చేర్చి, 6 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా జైలుశిక్ష పెట్టారు. ‘వచ్చాడు’ అనాలా ‘వచ్చింది’ అనాలా అని ఏ చట్టమూ చెప్పదు, ఆ పని మనదే. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి సామాజిక పెన్షన్ కూడా ఉంది, 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు. కానీ మీ దగ్గరికి వస్తున్న మనిషి పని చేసుకుని జీతం తీసుకోవాలనుకుంటున్నారు. దానికి అడ్డం పడేది చాలాసార్లు పక్క కౌంటర్లో మనిషి నోరే.

కస్టమర్లలో కొందరు పాడు మాటలు అంటారు, ఆ మాటలు నేను ఇక్కడ రాయను. అలాంటప్పుడు ఆమెని లోపలికి పంపకండి, అది ఆమెకి శిక్షలా ఉంటుంది. మీరే వెళ్ళి పక్కన నిలబడి ‘మేడమ్ బిల్లు చేస్తున్నారు, ఒక్క నిమిషం ఆగండి’ అనండి. మేనేజరు నోటినుంచి ఆ ‘మేడమ్’ రెండు మూడు సార్లు వింటే స్టాఫ్ కూడా అదే పట్టుకుంటారు.

సోమవారానికి ఇంకా టైముంది కాబట్టి ఈ వారంలోనే వాచ్‌మెన్‌తో మీరే మాట్లాడండి, షాపులో ఆమెని మొదట పలకరించేది ఆయనే. మిగతా స్టాఫ్‌కి మీటింగు పెట్టి ఆమె గురించి ప్రకటన చేయొద్దు. కొత్త క్యాషియర్ వస్తున్నారు, పేరు ఇది, అక్కా అనండి, ఆమె అనండి, అంతే. పేరు ట్యాగ్ మిగతా అందరిదీ ఎలా ఉందో అలాగే, అదే రంగులో, ముందే చేయించి పెట్టండి. దాని మీద ఏ పేరు ఉండాలో ఇవాళే ఫోన్ చేసి అడగండి, అక్షరాలు కూడా ఆమెనే చెప్పమనండి.